పలుకని అక్షరాలు: గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం

ఒక భాషను మొట్టమొదట లిపిబద్ధం చేసినవారు చెవికి వినిపించినదానినే వ్రాస్తారు. కాలక్రమాన నోరు మారుతుంది గాని వ్రాత అంత వేగంగా మారదు. నోరు విడిచిపెట్టిన ధ్వనికి గుర్తుగా అక్షరం మాత్రం పుటలో మిగిలిపోతుంది. దానిని ఎవరూ పలుకరు. వ్రాయకపోతే మాత్రం తప్పంటారు. ఆ తప్పులకు దండన అనుభవించేది పండితులు కారు, బడిలో పలక పట్టిన పసివారు. ఆ పసివారి పక్షాన నిలిచి, తమ ఉత్తర వయస్సునంతటినీ వాదప్రతివాదాలకు ధారపోసిన మహాశయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళం ప్రాంతంలో శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. ఆయన 1875లో గతించడంతో పన్నెండేళ్ల ప్రాయంలోనే రామమూర్తిగారు పితృహీనులయ్యారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి, మహారాజావారి పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. ఆ పాఠశాలలో ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులయ్యారు.

పుస్తకం చెప్పినదానిని కంటితో చూచి, చెవితో విని నిర్ధారించుకోవడం ఆయనకు బాల్యంనుండి అలవడిన గుణం. ముఖలింగ దేవాలయపు గోడలమీది ప్రాచీన శాసనాలను గురువు సహాయం లేకుండానే, లిపిశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని చదవడం నేర్చారు. శిలమీద చెక్కిన తెలుగు, తాటాకుమీది తెలుగు, బజారులో వినిపించే తెలుగు వేరువేరుగా ఉండటం ఆయన దృష్టిలో పడింది. భాష నిలిచిన నీరు కాదనీ, పారే ఏరనీ ఆయనకు బోధపడినది ఈ పరిశీలనవల్లనే.

పర్లాకిమిడి పరిసరాల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు ఆనాడు లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగు తెలిసిన సవరను ఇంట పెట్టుకొని పంతులుగారు ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు వ్రాసి, వారికోసం బడులు పెట్టించారు. ఆ కొండలలో తిరిగినందున మన్యపు జ్వరం సోకింది. అందుకు వాడిన క్వినైను మందు ఆయన వినికిడిని హరించింది. నోటి పలుకే భాషకు ప్రాణమని జీవితమంతా వాదించిన మనిషికి చెవుడు రావడం విధి చేసిన క్రూర పరిహాసం. అయినా ఆయన పని ఆగలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది. తరువాత నిఘంటువూ వచ్చింది. విన్న ధ్వని ఒకటి, వ్రాసే గుర్తు ఒకటి అనే నియమంతో సాగిన ఆ కృషిలో పలుకని అక్షరానికి తావే లేదు.

ఆ కాలపు బడులలో ఇంగ్లీషు నేర్చిన పిల్లవానికి ఇందుకు పూర్తిగా విరుద్ధమైన భాష ఎదురయ్యేది. ఇంగ్లీషులో యోధునికి నైట్ అని పేరు. పలికేది మూడు ధ్వనులైతే వ్రాసేవి ఆరక్షరాలు. ముందున్న కే, నడుమనున్న జీ, హెచ్ నోట పలకవు. ఇవి వెర్రితనంవల్ల వచ్చినవి కావు. వెయ్యేళ్లనాటి ఇంగ్లీషువారు ఆ కకారాన్ని స్పష్టంగా పలికేవారు. నడుమ గొంతునుండి ఒక హకారం వంటి ధ్వనిని కూడా వెలువరించేవారు. 1476లో కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం నెలకొల్పాడు. అచ్చు వ్యాపించినకొద్దీ వర్ణక్రమం గట్టిపడింది. అటుపిమ్మట రెండు శతాబ్దాలలో నోరు ఎంతో మారిపోయినా, అచ్చులో పడిన అక్షరాలు కదలలేదు.

మరికొన్ని మూగ అక్షరాలు పండితులు తెచ్చిపెట్టినవి. అప్పును డెట్ అంటారు. ఫ్రెంచివారినుండి వచ్చినప్పుడు ఆ మాటలో బీ లేదు. లాటిన్ మూలంలో ఉన్నది గనుక మనమూ వ్రాయాలని విద్వాంసులు దానిని చొప్పించారు. ద్వీపానికి పేరైన ఐలండ్‌లో ఎస్ అనే అక్షరానిది ఇంకా చిత్రమైన కథ. అది అచ్చమైన ఇంగ్లీషు మాటే అయినా, లాటిన్ పుట్టుక గలదని భ్రమించి ఆ అక్షరాన్ని తగిలించారు. ఒక విద్వాంసుని పొరపాటు నాలుగు వందల ఏళ్లుగా లోకమందలి పిల్లలందరికీ పాఠమై కూర్చున్నది.

తెలుగుకు ఈ చిక్కు లేదని గర్వించరాదు. అరసున్న మన మూగ అక్షరం. మూఁడు, వాఁడు, తోఁట అని వ్రాసినవారు నకారధ్వనిని పలికేవారు కారు. కాని పూర్వం అది పలికినదే. తమిళుల మూన్ఱు అనే మాటలో అది నేటికీ ఉన్నది. కొన్ని సీమలలో జనం వాండ్లు అన్నప్పుడు మన నోటనే వినిపిస్తుంది. ఏడు అంటే సంఖ్య, ఏఁడు అంటే సంవత్సరం. చెవికి రెండూ ఒకటే, కంటికి మాత్రమే భేదం. అలాగే చెఱువులోని బండి ఱకు ఒకనాడు ప్రత్యేక ధ్వని ఉండేది. మలయాళీల నోట ఆ భేదం ఇప్పటికీ నిలిచి ఉంది, మన నోట అంతరించింది. వ్రాత అనే మాటలోని వకారం, ప్రొద్దులోని రకారం కూడా నోటికన్న కాగితాన్నే ఎక్కువగా ఆశ్రయించుకొని ఉన్నాయి.

అక్షరాల చిక్కు చిన్నది. వాక్యాల చిక్కు పెద్దది. వస్తాడు అనే పిల్లవాడు వచ్చును అని వ్రాయాలి, చేశారు అనేవాడు చేసిరి అనాలి. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారుల పాఠశాలలను తనిఖీ చేసే జె. ఏ. యేట్స్ దొరగారికి, పుస్తకాల తెలుగు, జనుల తెలుగు ఇంత వేరుగా ఎందుకున్నాయనే సందేహం కలిగింది. విశాఖపట్నంలోని కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. వ్యావహారిక భాషోద్యమానికి నాంది అదే. 1911లో ఉద్యోగ విరమణ చేసిన పంతులుగారు మిగిలిన జీవితాన్ని దానికే అంకితం చేశారు.

ప్రతిపక్షం సామాన్యమైనది కాదు. జయంతి రామయ్య పంతులుగారు మొదలైన విద్వాంసులు ఆంధ్ర సాహిత్య పరిషత్తును ఆలంబనగా చేసికొని ఎదిరించారు. జిల్లాకొక తీరుగా ఉండే వాడుకను అంగీకరిస్తే భాష ఛిన్నాభిన్నమవుతుందనీ, ప్రాచీన కావ్యాలు రేపటివారికి అర్థం కావనీ వారి భయం. అది త్రోసివేయదగిన వాదం కాదు. స్కూలు ఫైనలు వ్యాసపరీక్షను ఏ శైలిలోనైనా వ్రాయవచ్చునని 1912–13లో లభించిన సౌకర్యం వారి ఆక్షేపణలతో నిలువలేదు. పంతులుగారు కావ్యాలను చదువవద్దని ఏనాడూ అనలేదు. కావ్యభాష కావ్యాలకు ఉండనిచ్చి, లోకవ్యవహారానికీ శాస్త్రబోధనకూ శిష్టుల వాడుకను స్వీకరించమన్నారు. గ్రాంథికమే సాధువన్న పండితుల రచనలలోనే వ్యాకరణ దోషాలను ఎత్తిచూపి, ఆ నియమాలను పెద్దలే పాటించలేనప్పుడు పిల్లలను శిక్షించడం న్యాయమా అని అడిగారు.

1919లో తెలుగు అనే మాసపత్రికను నడిపారు. ఆ సంవత్సరమే వీరేశలింగం పంతులుగారు కన్నుమూసేముందు వ్యావహారిక భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులై ఈ పక్షాన చేరారు. 1925లో తణుకు సాహిత్యసభలో రామమూర్తిగారు నాలుగు గంటలసేపు ఉపన్యసించి అనేకుల సంశయాలను తీర్చారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, దానికి సమ్మతింపలేక, అయిదున్నర దశాబ్దాలు నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో పరమపదించారు. విశ్వవిద్యాలయాల పూర్తి ఆమోదాన్ని ఆయన కంటితో చూడలేదు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలకు ఈ చరిత్ర పరాయిది కాదు. జనుల నోటి జాను తెలుగును ఆదరించి ద్విపదలో మహాకావ్యాలు చెప్పిన సోమనాథుని పేరు పాలకుర్తితో ముడిపడి ఉంది. కాకతీయుల వంశక్రమం తెలిపే బయ్యారం చెరువు శాసనం, గణపురం కోటగుళ్లు మన ముంగిటివే. నిజాము పాలనలో బడి చదువు ఉర్దూలో సాగిన రోజులలో తెలుగును కాపాడినవి గ్రంథాలయాలు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. బడిలో తెలుగు నేర్వని వయోజనుడు పత్రికను చేతపట్టినప్పుడు, అందులో తనకు తెలిసిన మాటలే కనిపించడం ఎంతటి ఆసరాయో ఈ ప్రాంతపు గ్రంథాలయాలకు అనుభవంలోనిదే.

అయితే శిష్టుల వాడుక అన్నప్పుడు ఎవరు శిష్టులనే ప్రశ్న మిగిలింది. అచ్చులో స్థిరపడినది ప్రధానంగా కోస్తా జిల్లాల చదువరుల తెలుగు. ఈ ప్రాంతపు పిల్లవాడు ఇంట నేర్చిన మాట మరల బడిలో తప్పయింది. ఓరుగల్లు ప్రజాకవి కాళోజీ నారాయణరావుగారు ఆ అన్యాయాన్ని ఎత్తిచూపి, తమ కవిత్వంలో తెలంగాణ పలుకుబడికే పట్టం కట్టారు. రామమూర్తిగారి జన్మదినం ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవంగాను, కాళోజీగారి జన్మదినం సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవంగాను జరుగుతున్నాయి. ఒకరు ప్రారంభించిన వాదాన్నే మరొకరు మన గడపదాకా తెచ్చారనడం యుక్తం. నోటికి తెలిసిన మాటను కంటికి చూపే పుస్తకం, అది చదివి వెనుదిరుగక లోపలికి వచ్చే పాఠకుడు: ఈ రెండూ కలిసిన ప్రతి పఠన మందిరంలోనూ పంతులుగారి శ్రమ ఫలించినట్లే.