సత్యాన్వేషి అబ్దుల్ లతీఫ్ బాగ్దాదీ

మానవదేహానికి అస్థిపంజరమే ఆధారం. ఇంటికి దూలాలు, స్తంభాలు ఎటువంటివో దేహానికి ఎముకలు అటువంటివి. మెదడును కాపాడే కపాలపేటికలో 8 ఎముకలు, ముఖభాగంలో 14 ఎముకలు ఉన్నాయి. శిశువులో విడివిడిగా ఉండే 33 వెన్నుపూసలలో కొన్ని కాలక్రమాన కలిసిపోయి, పెద్దవారిలో 26 ఎముకలుగా నిలుస్తాయి. హృదయాన్నీ ఊపిరితిత్తులనూ 12 జతల పక్కటెముకలు కోటగోడవలె చుట్టి ఉంటాయి. నేటి విద్యార్థి ఈ అంకెలను పాఠ్యగ్రంథంలో చదువుతాడు, పరీక్షలో రాస్తాడు, మార్కులు పొందుతాడు. కాని ఈ అంకెలలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరు కన్నులారా చూసి, చేతులారా లెక్కించి మనకు అందించిన సంపద. అట్టి మహనీయులలో ఒకడు అబ్దుల్ లతీఫ్ బాగ్దాదీ.

ఆయన 1162వ సంవత్సరంలో, అనగా హిజ్రీ 557లో, బాగ్దాదు నగరంలో జన్మించాడు. తండ్రి యూసుఫ్ విద్యావంతుడు. ఆటపాటలతో గడపవలసిన వయస్సును ఆ బాలుడు హదీసు శ్రవణంలోను, ఖురాన్ కంఠస్థం చేయడంలోను గడిపాడు. తండ్రి అతనిని తన మిత్రుడూ ప్రసిద్ధ వ్యాకరణవేత్తా అయిన కమాలుద్దీన్ అన్బారీ వద్దకు తీసుకొనిపోయాడు. ఆ మహాపండితుని పాఠం బాలునికి ఏమాత్రం బోధపడలేదు. అప్పుడు ఆయన ఆ బాలుని తన శిష్యుడైన వజీహ్ వాసితీకి అప్పగించాడు. వజీహ్ అంధుడు. ఆ అంధగురువు ఓర్పుతో చెప్పిన పాఠాలే అబ్దుల్ లతీఫ్ విద్యాజీవితానికి పునాదిరాళ్లయినాయి. చూపులేని గురువు వద్ద అక్షరరహస్యాలు గ్రహించిన ఈ శిష్యుడే, పెద్దవాడై, కంటితో చూడనిదే దేనినీ నమ్మరాదని లోకానికి చాటడం విశేషం.

వ్యాకరణం, ధర్మశాస్త్రం, తర్కం, వైద్యం మున్నగు విద్యలలో పాండిత్యం గడించిన పిదప ఆయన జ్ఞానతృష్ణతో దేశాటనకు బయలుదేరాడు. మోసుల్, దమస్కసు నగరాలు చూశాడు. ఆ కాలంలో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ అక్కా దుర్గం వద్ద యుద్ధరంగంలో ఉన్నాడు. అబ్దుల్ లతీఫ్ ఆ శిబిరానికి వెళ్లి, సుల్తాను మంత్రియైన ఖాజీ ఫాజిల్ వద్ద పరిచయలేఖ పొంది, కైరో చేరుకున్నాడు. అక్కడ ఆయన కలుసుకొన్న వారిలో యూదు మహాపండితుడు, వైద్యుడు మూసా బిన్ మైమూన్ ఒకడు. 1192లో సంధి కుదిరిన తరువాత ఆయన జెరూసలేములో సుల్తానును దర్శించాడు. సుల్తాను ఆయనకు నెలకు 30 దీనారుల వేతనం ఏర్పాటు చేశాడు. రాజకుమారులు తమ వంతు కలుపగా అది నూరు దీనారులైంది. 1193లో సుల్తాను మరణించిన కొంతకాలానికి ఆయన తిరిగి కైరో వెళ్లి, అల్ అజ్హర్‌లో అధ్యాపకుడైనాడు. ఉదయం బోధన, మధ్యాహ్నం వైద్యపాఠాలు, సాయంత్రం మరల బోధన, రాత్రి స్వీయాధ్యయనం - ఇదీ ఆయన దినచర్య.

ఇంతలో ఈజిప్టుపై ఘోరవిపత్తు వచ్చిపడింది. ఆ దేశానికి నైలునదీ వరదే ప్రాణం. నీటిమట్టం 16 మూరలు పెరిగితేనే పంటలకు భరోసా. 1200వ సంవత్సరంలో అది 13 మూరలకైనా చేరలేదు. పొలాలు ఎండినాయి. గ్రామాలు నిర్మానుష్యమైనాయి. ఆకలిబాధకు ఓర్వలేక మనిషి మనిషిని తిన్న దారుణాన్ని అబ్దుల్ లతీఫ్ స్వయంగా చూశాడు. కైరోలో 22 నెలల కాలంలో లెక్కకు ఎక్కిన మరణాలే దాదాపు 1,11,000 అని ఆయన నమోదు చేశాడు. కఫన్‌కు నోచుకోని వారికి ఇక లెక్కే లేదు.

ఆ దినాలలో కొందరు విద్యార్థులు ఆయన వద్ద వైద్యం అభ్యసిస్తున్నారు. శరీరనిర్మాణశాస్త్రం పాఠం వచ్చింది. దానికి ప్రమాణం క్రీస్తుశకం రెండవ శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథం. ఉర్దూలో మనం జాలీనూస్ అని పిలుచుకొనేది ఈయననే. మన హైదరాబాదులోని హకీములు నేటికీ అనుసరించే యునానీ వైద్యానికి మూలపురుషులలో ఈయన ఒకడు. వెయ్యి సంవత్సరాలుగా ఆయన మాటకు ఎదురు లేదు. గురువు ఎంత వివరించినా శిష్యులకు ఎముకల అమరిక బోధపడలేదు. వినడం వేరు, చూడడం వేరు. అప్పుడు కైరో సమీపాన మఖ్స్ అనే చోట కరువు మృతుల కళేబరాలు గుట్టగా పడి ఉన్నాయని తెలిసింది. గురుశిష్యులు అక్కడికి వెళ్లారు. అక్కడ ఇరవైవేలకు పైగా శవాలు ఉండవచ్చునని ఆయన అంచనా వేశాడు.

ఆ భయంకర దృశ్యం ముందు ఆయన కన్నీరు కార్చి మరలిపోలేదు. ఎముకలను చేతికెత్తుకొని పరిశీలించాడు. కింది దవడ రెండు ఎముకలతో ఏర్పడి, గడ్డం వద్ద అతుక్కొని ఉంటుందని గాలెన్ రాశాడు. కాని ఆయన చేతిలోని దవడ ఎముకకు ఎక్కడా అతుకు లేదు. ఒక్కటి చూసి ఆయన తృప్తి పడలేదు. రెండువేలకు పైగా కపాలాలు పరీక్షించాడు. తన కన్ను తనను మోసగించవచ్చునని శంకించి, ఇతరులచేత పరీక్ష చేయించాడు - కొన్నిసార్లు తన ఎదుట, కొన్నిసార్లు తాను లేనప్పుడు. అటుపిమ్మట బూసీర్ వద్ద ప్రాచీన సమాధులలోని ఎముకలను చూశాడు. మరుగున ఉన్న అతుకులు ఏండ్లు గడిచేకొలది విడివడి బయటపడతాయి కదా అని ఆయన ఆలోచన. అక్కడా దవడ ఒక్కటే ఎముక. గాలెన్ ఎంతటి మహానుభావుడైనా ఇంద్రియసాక్ష్యం ఆయన వాక్యం కన్న గొప్పదని అబ్దుల్ లతీఫ్ నిర్ణయించాడు.

గాలెన్ ఎందుకు పొరబడినాడు? నాటి రోములో మనుష్యదేహాన్ని కోసి చూడడానికి ఆచారం అంగీకరించలేదు. ఆయన కోతులను, పందులను, ఇతర జంతువులను కోసి చూశాడు. అనేక జంతువులలో దవడ రెండు భాగాలు జీవితాంతం విడిగానే ఉంటాయి. మానవశిశువులో సైతం పుట్టినప్పుడు అవి రెండే. తొలి సంవత్సరంలో ఏకమవుతాయి.

వెన్ను చివరనున్న త్రికాస్థి విషయంలో ఆయన ప్రవర్తన ఇంకా ప్రశంసనీయం. అనుత్రికంతో కలిపి అది ఆరు ఎముకలని గాలెన్ చెప్పాడు. అబ్దుల్ లతీఫ్ మొదట చూసినదానిలో ఒక్కటే కనిపించింది. ఇంకొకదానిలో ఆరు కనిపించినాయి. తరువాత చూసినవాటిలో రెండు మాత్రమే ఏకఖండాలు, మిగిలినవన్నీ గాలెన్ చెప్పినట్లే ఉన్నాయి. దవడ విషయంలో తనకున్న నిశ్చయం ఇందులో లేదని ఆయన దాపరికం లేకుండా రాసుకున్నాడు. గురువును ఖండించినందుకు గర్వపడేవాడు ఈ మాట రాయడు. సత్యాన్ని ప్రేమించేవాడే రాయగలడు.

ఈ విషయాలన్నీ ఆయన ఈజిప్టు దేశవర్ణన గ్రంథంలో చేర్చాడు. పిరమిడ్ల కట్టడం, చెట్టుచేమలు, జంతుజాలం, కరువు వృత్తాంతం అందులో ఉన్నాయి. కాని అది వైద్యగ్రంథం కాకపోవడంచేత పాఠశాలల బోధనను మార్చలేకపోయింది. ఐరోపాలో 1543లో వెసాలియస్ తన మహాగ్రంథంలో ఇదే సత్యాన్ని స్వతంత్రంగా ప్రకటించేవరకు దాదాపు 340 ఏండ్లు గడిచినాయి. అబ్దుల్ లతీఫ్ స్వహస్తంతో రాసిన ప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. దానిని 1800లో లాటిన్‌లోకి, 1810లో ఫ్రెంచిలోకి అనువదించారు.

తదుపరి ఆయన దమస్కసు, అలెప్పో, ఎర్జింజాన్ నగరాలలో బోధిస్తూ, వందకు పైబడిన రచనలు చేశాడు. హజ్ యాత్రకు బయలుదేరి, తన గ్రంథాలను ఖలీఫాకు సమర్పించాలనే కోరికతో మార్గమధ్యంలో జన్మస్థలమైన బాగ్దాదుకు వచ్చాడు. అక్కడే వ్యాధిగ్రస్తుడై 1231లో కన్నుమూశాడు. తండ్రి సమాధి ప్రక్కనే ఆయనను ఖననం చేశారు.

విద్యార్థి మిత్రులారా! గ్రంథాలను గౌరవించడం మన సంస్కారం. గురువును పూజ్యభావంతో చూడడం మన ధర్మం. అబ్దుల్ లతీఫ్ సైతం గాలెన్‌ను ఎన్నడూ కించపరచలేదు. అయినా ఆ గౌరవం తన కన్నులకు గంతలు కట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. మఖ్స్ గుట్టపై అన్నం లేక మరణించిన ఆ పేదలు పేరుకైనా మిగలలేదు. వారి ఎముకలు మాత్రం వెయ్యేండ్ల పొరపాటును సరిదిద్దినాయి. మన ప్రయోగశాలలో అద్దాల బీరువాలోని అస్థిపంజరాన్ని ఈసారి చూసినప్పుడు, దాని కింది దవడను ఒకమారు శ్రద్ధగా పరికించండి. పుస్తకం చెప్పిందని గాక, మీరు చూశారని రాయండి. ఆ మహనీయునికి మనం సమర్పించగల నివాళి అదే.