తాబేళ్ల లెక్క తేల్చబోయిన మాస్టారు – ఆర్చీ కార్

తాబేలు మనకు కొత్త కాదు. శ్రీకూర్మంలో దేవుడుగా కొలుస్తాం. కుందేలుతో పందెం కథ పలక పట్టిన నాడే వింటాం. కాని సముద్రంలో తాబేళ్లు ఎన్ని ఉన్నాయని అడిగితే చెప్పడం ఎవరి తరం? ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఇసుక మీదికి వచ్చే గంటా రెండు గంటలే మనిషికి దొరికే అవకాశం. మగది ఒకసారి నీళ్లలోకి పోయిందంటే మళ్ళీ ఒడ్డెక్కడమే అరుదు. ఈ చిక్కు లెక్కతో ముప్పై ఏళ్లకు పైగా కుస్తీ పట్టిన విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆర్చీ కార్.

ఆయన 1909లో అమెరికాలోని అలబామా రాష్ట్రం మొబీల్ పట్టణంలో పుట్టారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చదివి, 1937లో డాక్టరేట్ పుచ్చుకుని, అక్కడే జీవితాంతం పాఠాలు చెప్పారు. అదే ఏడు ఆయన పెళ్లాడిన మార్జొరీ కూడా జీవశాస్త్రం చదివిన విదుషీమణి. 1952లో అమెరికా తాబేళ్ల మీద ఆయన వ్రాసిన పెద్ద గ్రంథం శాస్త్రజ్ఞుల మన్ననలు పొందింది. మరొకరైతే అంతటితో తృప్తిపడి కుర్చీలో కూర్చునేవారే. ఈయన మాత్రం కరీబియన్ తీరాల వెంట పడవలెక్కి, పల్లెకారులను పలకరిస్తూ తిరిగారు. ఎక్కడ చూసినా ఒకటే కథ: ఒకప్పుడు తాబేళ్లు తండోపతండాలుగా వచ్చేవి, ఇప్పుడు రావడం లేదు. మాంసానికీ, గుడ్లకూ జనం వాటిని ఊడ్చేశారు.

చివరికి కోస్టారికాలోని టోర్టుగేరో అనే నల్లని ఇసుక తీరం దగ్గర ఆయన మకాం పెట్టారు. 1955లో అక్కడ పచ్చ తాబేళ్లకు నంబరు బిళ్ళలు తగిలించడం మొదలైంది. తొలుత బిళ్ళను డిప్ప అంచుకు తీగతో కట్టారు. ఏం లాభం? రెండోసారి గుడ్లకు వచ్చేసరికి చాలా వాటికి బిళ్ళలు ఊడిపోయాయి. అప్పుడు పశువుల చెవులకు వేసే లోహపు బిళ్ళను తెచ్చి ముందు రెక్కకు బిగించారు. అది నిలిచింది! బిళ్ళ తిరిగి పంపినవారికి బహుమానం ఇస్తామని దాని మీదే చెక్కించారు.

ఆ చిన్న బిళ్ళ పెద్ద సంగతులు బయటపెట్టింది. ఒకే ఆడ తాబేలు ఒక సీజనులో పన్నెండు రోజులకోసారి చొప్పున పలుమార్లు గుడ్లు పెడుతుంది. మరుసటి ఏడు రాదు. రెండేళ్లకో మూడేళ్లకో నాలుగేళ్లకో అదే తీరానికి వస్తుంది. అంటే ఒక్క ఏటి లెక్క చూసి పెరిగాయని పొంగిపోవడం, తగ్గాయని కుంగిపోవడం రెండూ తప్పే. ఏళ్ల తరబడి అదే ఇసుక మీద, అదే పద్ధతిలో లెక్కపెట్టినవాడికే నిజం తెలుస్తుంది.

ఇందులో ఒక విషాదం కూడా ఉంది. దూరం నుంచి తిరిగి వచ్చిన బిళ్ళల్లో ఎక్కువ భాగం నికరాగ్వా తీరపు వేటగాళ్లు పంపినవే. తాబేలు ఎక్కడ మేస్తున్నదో శాస్త్రానికి తెలిసేసరికి ఆ తాబేలు ఎవరి వంటకుండలోనో ఉడికిపోయి ఉండేది!

1956లో వెలువడిన ఆయన యాత్రా గ్రంథం చదివి కదిలిపోయిన కొందరు పాఠకులు ఒక సంఘం పెట్టుకున్నారు. అదే 1959లో కరీబియన్ సంరక్షణ సంస్థగా రూపొందింది. అమెరికా నౌకాదళ విమానాల్లో గుడ్లను, పిల్లలను వేర్వేరు తీరాలకు చేరవేసి కొత్త గుంపులు పుట్టించాలని కూడా కార్ ప్రయత్నించారు. అవి అక్కడ స్థిరపడినట్టు గట్టి సాక్ష్యం దొరకలేదు. తీరాన్ని కాపాడే ప్రయత్నం మాత్రం ఫలించింది: 1975లో టోర్టుగేరో జాతీయ పార్కు అయింది. 1971 నుంచి 2003 దాకా అక్కడ గూళ్ళ సంఖ్య బాగా పెరిగింది. తరువాతి ఏళ్లలో మళ్ళీ తగ్గుదల కనబడింది. లెక్క ఆపకుండా సాగించారు గనుకనే ఆ రెండు సంగతులూ తెలిశాయి.

ఆయన్ను ఎంతకాలమో వేధించిన మరో ప్రశ్న కెంప్స్ రిడ్లీ అనే తాబేలు. అది ఎక్కడ గుడ్లు పెడుతుందో శాస్త్రజ్ఞులెవరికీ తెలియదు. మెక్సికో తీరంలో 1947లో ఒక ఇంజనీరు తీసిన ఫిల్ము 1961లో బయటపడి గుట్టు విప్పింది: ఒక్క రోజున దాదాపు 40,000 ఆడ తాబేళ్లని అంచనా వేశారు! 1985 నాటికి ఏడాది మొత్తానికి మిగిలినవి 702 గూళ్ళు. వేల సంఖ్య చూసి నిశ్చింతగా ఉండరాదనడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి? మరి రెండేళ్లకు, 1987 మే 21న, కార్ కన్నుమూశారు. 1991లో ఫ్లోరిడాలో ఒక తాబేళ్ల తీరానికి ఆయన పేరు పెట్టారు.

ఆ రిడ్లీకి దగ్గరి చుట్టమే ఏటా మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ. జీవశాస్త్ర విద్యార్థి మిత్రులారా! ఖరీదైన పరికరాలు లేవని చింతించకండి. ఒక టార్చిలైటు, ఒక నోటుపుస్తకం, వచ్చే ఏడు కూడా అదే తీరానికి పోయే ఓపిక – కార్ మాస్టారు మొదలుపెట్టింది ఇంచుమించు వీటితోనే.