గాంధీజీ నడక

గాంధీజీ బొమ్మ గీయమంటే చిన్నపిల్లలు కూడా నాలుగు గీతల్లో గీసేస్తారు. గుండు, కళ్లజోడు, చేతిలో కర్ర, ముందుకు వేసిన ఒక అడుగు. ఆ అడుగు వెనుక అరవై ఏళ్లకు పైబడిన అలవాటు ఉంది. ఈ పాఠంలో ఆయన రాజకీయాల జోలికి ఎక్కువగా పోకుండా, ఆ అలవాటు ఎలా ఏర్పడిందో, ఎలా నిలిచిందో తెలుసుకుందాం.

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న గుజరాత్‌లోని పోరుబందరులో పుట్టాడు. బక్కపలచని పిల్లవాడు, బిడియస్థుడు. రాజకోటలో హైస్కూల్లో చదివేటప్పుడు ఆటలంటే, కసరత్తులంటే ఇష్టపడేవాడు కాదు. ప్రధానోపాధ్యాయుడు దొరాబ్జీ గిమీ పై తరగతుల వారందరికీ కసరత్తు తప్పనిసరి చేశారు. మోహన్‌దాస్‌కేమో బడి వదలగానే ఇంటికి పోయి, జబ్బుపడిన తండ్రికి సేవ చేయాలని ఉండేది. ఒక శనివారం ఉదయం బడి అయిపోయింది. సాయంత్రం నాలుగు గంటలకు కసరత్తుకు తిరిగి రావాలి. చేతిలో గడియారం లేదు, ఆకాశంలో మబ్బులు. అతడు వెళ్లేసరికి అందరూ వెళ్లిపోయారు. మరునాడు నిజం చెప్పినా ఎవరూ నమ్మలేదు. అబద్ధమాడాడని జరిమానా వేశారు. చివరకు తండ్రి ఉత్తరం రాయడంతో కసరత్తు నుంచి మినహాయింపు దొరికింది.

అయితే అతడు వ్యాయామాన్ని పూర్తిగా వదిలేయలేదు. ఆరుబయట చాలాదూరం నడిస్తే ఒంటికి మంచిదని పుస్తకాల్లో చదివాడు. ఆ మాట నచ్చి రోజూ నడవడం మొదలుపెట్టాడు. నడకకు జట్టు అక్కరలేదు, మైదానం అక్కరలేదు, పైసా ఖర్చు లేదు. బిడియపడే కుర్రవాడికి అంతకంటే అనువైన వ్యాయామం ఏముంటుంది?

1888లో బారిస్టరు చదువుకు లండను వెళ్లారు. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి వెళ్లడం వల్ల, మొదట్లో బస చేసిన ఇళ్లలో కడుపు నిండేది కాదు. శాకాహార భోజనశాల కోసం వెతుకుతూ రోజుకు పది పన్నెండు మైళ్లు తిరిగేవారు. ఫారింగ్డన్ వీధిలో అలాంటిది ఒకటి దొరికిన రోజు ఆయనకు పండుగే అయింది. తరువాత ఖర్చు తగ్గించుకోవాలని ఒక్క గదిలోకి మారి, పొయ్యి కొనుక్కుని, ఉదయం ఓట్ల జావ, కోకో తానే కాచుకునేవారు. బండి చార్జీలు మిగల్చడానికి ఎనిమిది పది మైళ్లయినా కాలినడకనే వెళ్లేవారు. ఆ చలిదేశంలో పెద్దగా జబ్బు పడకుండా ఉండడానికి ఈ నడకే కారణమని ఆయన నమ్మకం. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆయన నడకకు విడిగా సమయం కేటాయించలేదు. వెళ్లవలసిన చోటికి నడిచి వెళ్లారు, అంతే. తీరిక లేదనే మనలాంటి వారికి ఈ పద్ధతి ఎక్కువగా పనికొస్తుంది.

దక్షిణాఫ్రికాలో వకీలుగా స్థిరపడ్డాక మలబద్ధకం, తలనొప్పి పట్టుకున్నాయి. ఉదయం ఫలహారం మానేసి చూశారు. కొన్నాళ్లకు తలనొప్పి తగ్గింది. అవసరానికి మించి తింటున్నానని అప్పుడు గ్రహించారు. (ఇది ఆయన ఒంటికి సరిపడింది. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా పూటభోజనం మానకూడదు.) 1910లో జోహాన్నెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరంలో టాల్‌స్టాయ్ క్షేత్రం నెలకొల్పారు. సొంత పని మీద పట్నం వెళ్లేవారు నడిచే వెళ్లాలని అక్కడ నియమం. తెల్లవారుజామున రెండు గంటలకే లేచి బయలుదేరేవారు. చేతి తిరగలిలో విసిరిన పిండితో చేసిన రొట్టె, వేరుశనగ ముద్ద మూట కట్టుకుని వెళ్లేవారు.

ఇంత క్రమశిక్షణ ఉన్న మనిషికి జబ్బులు రాలేదా అంటే, వచ్చాయి. కొన్ని ఆయన కొనితెచ్చుకున్నవే. 1914లో రెండు వారాల ఉపవాసం ముగిసీ ముగియగానే ఎప్పటిలాగే జోరుగా నడిచారు. కాళ్లు పట్టేశాయి. విశ్రాంతి తీసుకోకపోతే శాశ్వతంగా నడవలేకపోవచ్చని లండనులో డాక్టర్ జీవరాజ్ మెహతా హెచ్చరించారు.

1918లో మరీ ప్రమాదం జరిగింది. ఖేడా జిల్లాలో ఊరూరా తిరుగుతూ, వేరుశనగ ముద్ద, నిమ్మకాయల మీదే ఆధారపడి, రోజుకు ఇరవై మైళ్ల దాకా నడిచారు. జిగట విరేచనాలు మొదలయ్యాయి. కాస్త నెమ్మదించాక ఒక పండుగ నాడు కస్తూర్బా వండిన తీపి గోధుమ జావ, పెసలు చూసి ఆగలేక కడుపునిండా తిన్నారు. గంటలోపే జబ్బు తిరగబెట్టింది. మందు పుచ్చుకోనన్నారు. బతకనేమో అనుకున్నారు. పాలు తాగితే తప్ప ఒళ్లు కోలుకోదని బొంబాయిలో డాక్టర్ దలాల్ చెప్పారు. పాలు పితికేటప్పుడు ఆవులను, గేదెలను హింసిస్తారని విని, ఆయన అంతకుముందే పాలు మానేసి ఉన్నారు. ఆ మాట తలచుకున్నది ఆవు, గేదెల గురించే కదా, మేకపాలకు అడ్డేమిటని కస్తూర్బా అడిగారు. ఆయన ఒప్పుకున్నారు. వ్రతం అక్షరాలా నిలిచినా దాని భావం తప్పిందని ఆయన మనసు చాలాకాలం బాధపడింది. మనకు మాత్రం కస్తూర్బా మాటే సబబుగా తోస్తుంది. ఆ మాట ఒక నిండు ప్రాణాన్ని నిలబెట్టింది.

1924 జనవరిలో ఎరవాడ జైలులో ఉండగా అపెండిసైటిస్ వచ్చింది. మందుల మీద నమ్మకం తక్కువే అయినా, పూనా ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు అంగీకరించారు. 1935 డిసెంబరులో రక్తపోటు బాగా పెరగడంతో కొన్ని వారాలు పని మానుకోవలసి వచ్చింది. నడక, మితాహారం ఉన్నంత మాత్రాన వైద్యం అక్కరలేదని అనుకోకూడదు.

కోలుకున్న ప్రతిసారీ పాత దినచర్యకే తిరిగి వచ్చేవారు. ఆశ్రమంలో ఉదయం నాలుగు గంటలకు లేవడం, ప్రార్థన, పొద్దున సాయంత్రం నడక, రాత్రి తొమ్మిదికి పడక. నడిచేటప్పుడే వచ్చినవారితో మాట్లాడేవారు, పిల్లలతో పరిహాసాలాడేవారు. 1930 మార్చి 12న సబర్మతి నుంచి దండికి బయలుదేరేనాటికి ఆయనకు అరవై నిండాయి. దూరం 241 మైళ్లు. అలసిపోతే ఎక్కడానికని వెంట ఒక గుర్రాన్ని ఉంచారు. దానితో పని పడలేదు. వెంట నడిచిన యువకులే కొందరు కాళ్లు బొబ్బలెక్కి వెనకబడ్డారు. ఏప్రిల్ 5న దండి చేరారు.

ఆరోగ్యం గురించి తన అనుభవాలను 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా చిన్న పుస్తకంగా రాశారు. గాలి, నీరు, ఆహారం వంటి మామూలు విషయాలే అందులో ఉన్నాయి. 1947 తొలి నెలల్లో, 77 ఏళ్ల వయసులో, మత కల్లోలాలతో తల్లడిల్లిన నౌఖాలీలో చెప్పులు కూడా లేకుండా గ్రామం నుంచి గ్రామానికి నడిచారు.

1948 జనవరి 30 సాయంత్రం ఢిల్లీలో ప్రార్థనకు కొన్ని నిమిషాలు ఆలస్యమైంది. ఆలస్యం ఆయనకు గిట్టదు. మనుమరాళ్ల వరుసైన ఇద్దరు అమ్మాయిల భుజాల మీద చేతులు వేసి, పచ్చికకు అడ్డంపడి త్వరత్వరగా నడిచారు. ప్రార్థనా స్థలం మెట్లు ఎక్కి కొద్ది అడుగులు వేసేలోపే హంతకుడు ఎదురుగా వచ్చి కాల్చాడు.