జస్టిస్ రాజమన్నార్ – మన సీటు కథ

పాకాల వెంకటరమణారావు రాజమన్నార్ గారు 1901లో మద్రాసులో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి కూడా న్యాయరంగంలో పేరున్నవారే. 1948లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పదవి చేపట్టిన తొలి భారతీయుడు ఆయనే. 1961 వరకు కొనసాగారు. తెలుగులో నాటకాలు రాశారు. 1953లో సంగీత నాటక అకాడమీ తొలి అధ్యక్షులయ్యారు. 1979లో కన్నుమూశారు.

హాస్టల్ విద్యార్థులమైన మనం తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. అప్పట్లో మద్రాసు ప్రభుత్వం మెడికల్, ఇంజనీరింగ్ సీట్లను ప్రతి 14కు ఇన్నని కులాలవారీగా పంచేది. అందులో హరిజనులకు 2, వెనుకబడిన హిందువులకు 2. చంపకం దొరైరాజన్ వేసిన కేసులో, 1950లో రాజమన్నార్ గారి ధర్మాసనం ఆ జీవో చెల్లదని తీర్పు చెప్పింది. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. ఉద్యోగాల రిజర్వేషన్‌కు రాజ్యాంగంలో వీలుంది గాని, చదువుల సీట్లకు అప్పటికి లేదు.

ఆ లోటు తీర్చడానికే అదే ఏడాది జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) చేర్చారు. ఈనాడు మన కాలేజీ సీట్లకు ఆధారం అదే. మనకు ఎదురుగా వచ్చిన తీర్పే మన దారికి గట్టి పునాది వేయించింది.

తాండూరు నాపరాళ్ల పనిలో చేతులు కాయలు కాసిన మా నాన్నకు ఈ సంగతి తెలియదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. నాకూ పీజీకి వచ్చాకే తెలిసింది. తమ్ముళ్లారా, వికారాబాద్ కోర్టు ముందు నుంచి రోజూ వెళ్తుంటాం. మనలో ఒక్కరైనా లా చదివి లోపలికి వెళ్లాలి. చట్టంలో ఏముందో, ఏం లేదో చదివినవారికే తెలుస్తుంది.