ఇనోయే మసారు

ఇనోయే మసారు (ఆగష్టు 25, 1843 - ఆగష్టు 2, 1910) జపాను దేశంలో రైలు మార్గాల నిర్మాణానికి సారథ్యం వహించిన ఇంజనీరు, ప్రభుత్వాధికారి. ఆయనను జపాను రైల్వేల పితామహుడిగా పేర్కొంటారు. విదేశీ నిపుణులపై ఆధారపడి మొదలైన రైల్వే నిర్మాణాన్ని పదేళ్ళలో స్వదేశీయుల చేతికి తేవడంలో ఆయనది ప్రధాన పాత్ర.

బాల్యం, విద్య

మసారు చోషూ సంస్థానంలోని హగి పట్టణంలో ఒక సమురాయ్ కుటుంబంలో జన్మించాడు. నోమురా కుటుంబానికి దత్తు వెళ్ళి కొంతకాలం నోమురా యకిచి అనే పేరుతో వ్యవహరించాడు. 1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ ఆవిరి యుద్ధనౌకలతో జపాను తీరానికి వచ్చాడు. పాశ్చాత్యుల యంత్రవిద్య నేర్వనిదే దేశానికి రక్షణ లేదన్న భావన యువకులలో బలపడింది. అయితే అనుమతి లేకుండా దేశం దాటినవారికి అప్పట్లో మరణశిక్ష విధించేవారు. ఆ ప్రమాదాన్ని లెక్కచేయక 1863లో మసారు మరో నలుగురితో కలిసి రహస్యంగా ఓడ ఎక్కి ఇంగ్లాండు చేరాడు. వీరినే చోషూ పంచకం అంటారు. తరువాత జపాను తొలి ప్రధానమంత్రి అయిన ఇతో హిరోబుమి వీరిలో ఒకడు. మసారు లండను యూనివర్సిటీ కాలేజీలో చదివి 1868లో స్వదేశానికి తిరిగి వచ్చాడు. అదే సంవత్సరం మెయిజీ శకం ఆరంభమైంది.

తొలి రైలు మార్గం

టోక్యోలోని షింబాషి నుండి యొకొహామాకు 29 కిలోమీటర్ల మార్గం పని 1870లో బ్రిటిషు ఇంజనీరు ఎడ్మండ్ మోరెల్ ఆధ్వర్యంలో మొదలైంది. మసారు 1871లో రైల్వే శాఖ అధిపతి అయ్యాడు. మోరెల్ అదే ఏడాది 30 ఏళ్ళ వయసులోనే మరణించాడు. సైనిక శాఖ తన స్థలం ఇవ్వడానికి అంగీకరించకపోవడంతో 2.7 కిలోమీటర్ల మేర సముద్రంలోనే రాతికట్ట కట్టి పట్టాలు పరిచారు. 1872 అక్టోబరు 14న మార్గం ప్రారంభమైంది. ఆ తకనావా కట్ట అవశేషాలు 2019లో బయటపడ్డాయి. ఇంగ్లాండులో తయారై ఈ మార్గంలో నడిచిన మొదటి ఇంజను సైతామా లోని రైల్వే మ్యూజియంలో భద్రంగా ఉంది.

స్వదేశీ నిర్మాణం

విదేశీ నిపుణుల జీతాలు ఖజానాకు పెద్ద భారంగా ఉండేవి. అందువల్ల మసారు 1877లో ఒసాకాలో ఇంజనీర్ల శిక్షణాలయం నెలకొల్పాడు. అక్కడ శిక్షణ పొందినవారు, ఇకునో వెండి గనుల కార్మికులు కలిసి క్యోటో, ఒత్సుల మధ్య కొండను తొలిచి సుమారు 665 మీటర్ల ఒసాకాయమా సొరంగాన్ని 1880లో పూర్తి చేశారు. జపానీయులు తమంతట తాముగా నిర్మించిన తొలి పర్వత సొరంగం ఇదే.

టోక్యోను పశ్చిమ నగరాలతో కలిపే ప్రధాన మార్గాన్ని కొండల మీదుగా వేయాలని 1883లో ప్రభుత్వం నిర్ణయించింది. సర్వేలో ఖర్చు, కాలం విపరీతమని తేలడంతో మసారు తీరప్రాంత మార్గాన్ని సిఫారసు చేశాడు. 1886లో ప్రభుత్వం అందుకు అంగీకరించింది. 1889 జూలైలో షింబాషి నుండి కోబె వరకు తొకైదో మార్గం పూర్తయింది. నాడు ఆ ప్రయాణానికి సుమారు 20 గంటలు పట్టేది.

చివరి దశ

రైల్వేలు ప్రభుత్వ అధీనంలోనే ఉండాలని మసారు వాదించాడు. 1893లో పదవి నుండి వైదొలగి, 1896లో ఒసాకాలో రైలు ఇంజన్ల తయారీ సంస్థను స్థాపించాడు. ఆయన కోరిన జాతీయీకరణ 1906 చట్టంతో సాకారమై 17 ప్రైవేటు కంపెనీలు ప్రభుత్వపరమయ్యాయి. ఐరోపా పర్యటనలో ఉండగా 1910లో, తాను విద్యార్థిగా గడిపిన లండను నగరంలోనే మరణించాడు.

స్మారకాలు

తత్సునో కింగో రూపొందించిన ఎర్ర ఇటుకల టోక్యో స్టేషను 1914లో ప్రారంభమైంది. అదే సంవత్సరం దాని ఎదుట మసారు విగ్రహం నెలకొల్పారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లోహం కోసం దానిని తొలగించారు. 1959లో కొత్త విగ్రహం ప్రతిష్ఠించారు. స్టేషను పునరుద్ధరణ పనుల కోసం తీసివేసిన ఆ విగ్రహాన్ని 2017లో తిరిగి నిలబెట్టారు. ఆయన సమాధి టోక్యోలోని షినగావా వద్ద రైలు మార్గాల పక్కనే ఉంది.