అన్నమే ఐశ్వర్యముగా జీవించిన తల్లి డొక్కా సీతమ్మ గారు

భగవద్బంధువులారా! ఆలయ జీర్ణోద్ధరణకు, పునఃప్రతిష్ఠకు మీరు త్రికరణశుద్ధిగా ద్రవ్యమును సమర్పించిన శుభసమయమిది. ధనము మనిషికి ఎప్పుడు సుఖమునిచ్చును? ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా ఉంచి వెళ్ళిన పుణ్యమూర్తి మన కోనసీమలోనే ఉన్నారు. ఆమె అపరాన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారు.

సీతమ్మ గారు 1841 అక్టోబరు మాసమున మండపేటలో అనుప్పిండి భవానీశంకరం, నరసమ్మ దంపతులకు జన్మించినారు. వచ్చినవారికెల్ల అన్నము పెట్టుట వలన తండ్రి గారిని ఊరివారు బువ్వన్న గారని పిలిచేవారు. లంకల గన్నవరమునకు చెందిన వేదపండితులు, భూవసతి గల డొక్కా జోగన్న గారు ఒకనాటి మధ్యాహ్నము ఆ ఇంట ఆతిథ్యము పొంది, వారి సంస్కారమునకు సంతసించి, సీతమ్మ గారిని వివాహమాడినారని పెద్దలు చెప్పుదురు.

గన్నవరము వైనతేయ గోదావరి తీరమున ఉన్నది. ఆ దినములలో లంక గ్రామములకు, అంతర్వేదికి పోవు బాటసారులు కాలినడకన వచ్చి, రేవులు దాటి, అలసి సొలసి ఉండేవారు. వరద వచ్చినచో ఎక్కడివారక్కడ నిలిచిపోవలసినదే. అట్టి చోట ఆ దంపతుల ఇంటి పొయ్యి ఆరలేదు. వేళ దాటినదని గాని, కులము వేరని గాని ఎవరినీ త్రిప్పి పంపలేదు. అతిథిని కాదనకుండుట వ్రతమని తైత్తిరీయోపనిషత్తు బోధించినది. ఆ వ్రతమును ఆమె వంటింట ఆచరించి చూపినారు.

ఇక్కడ ఒక్క క్షణము ఆలోచింపుడు. జోగన్న గారి పొలము ధాన్యమునిచ్చినది, నిజమే. కాని అర్ధరాత్రి తలుపు తట్టినవానికి నిద్ర లేచి వండి వడ్డించినది ధనము కాదు. ధాన్యము ఉన్న ఇండ్లు ఆనాడు మరికొన్ని ఉండినవి. సీతమ్మ గారు ఒక్కరే.

ఒకసారి ఆమె అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనమునకు బయలుదేరినారు. త్రోవలో ఒక పెండ్లివారి బృందము ఆకలితో వచ్చుచు, సీతమ్మ గారి ఇల్లు చేరినచో భోజనము దొరకునని పిల్లలను ఓదార్చుట చెవిన పడినదట. వెంటనే ఆమె వెనుదిరిగి, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట చేసినారని ప్రతీతి. ఆనాడు స్వామి ఆమెకు విస్తరి ముందే దర్శనమిచ్చినాడని మనము భావింపవచ్చును.

1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవ సందర్భమున ఆమెకు ఆహ్వానము వచ్చినదని ప్రసిద్ధి. తాను వెళ్ళినచో ఇంటికి వచ్చువారికి ఎవరు పెట్టుదురని ఆమె వెళ్ళలేదు. ఆమె చిత్రపటమును మాత్రము తీసికొని వెళ్ళినారని చెప్పుదురు. 1909 ఏప్రిల్ 28న ఆమె పరమపదించినారు. గన్నవరము అక్విడక్టు ఆమె పేరును ధరించినది. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. కీర్తి కొరకు గడప దాటని తల్లిని కీర్తియే వెదకికొని వచ్చినది.

దాతలారా! శిలాఫలకముపై పేరుండుట దోషము కాదు. అది రాబోవు తరమునకు ప్రేరణ. కాని ధనము వలన కలుగు సుఖము ఆ అక్షరములలో లేదు. ఇచ్చిన చేయి ఎదుటివాని ఆకలిని ఎరుగుటలో ఉన్నది. కనుక కుంభాభిషేకానంతరము జరుగు అన్నసమారాధనలో ప్రతి దాతయు ఒక్క పంక్తికైనను స్వహస్తముతో వడ్డింపవలెనని మా ప్రార్థన. తిన్నవాని ముఖమున కనబడు తృప్తియే మీ ద్రవ్యమునకు ఫలము.

స్వస్తి.