తన పుస్తకాన్ని తానే దిద్దుకున్న దైవసేవకుడు

నోవహు జలప్రళయం భూమంతా కప్పిందా అని ఎవరైనా అడిగితే నాకు విలియం బక్లాండ్ గుర్తొస్తారు. 1784లో ఇంగ్లండ్‌లో పుట్టారు. చర్చి సేవకుడు, ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం చెప్పేవారు.

కిర్క్‌డేల్ గుహలో 1821లో ఏనుగు, ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. ప్రళయం తెచ్చినవి కావు, హైనాలే లాక్కొచ్చి తిన్నాయని తేల్చారు. పైనున్న బురద మాత్రం ప్రళయానిదేనని 1823లో పుస్తకం రాసి గొప్ప పేరు తెచ్చుకున్నారు.

తర్వాత ఆధారాలు కుదరలేదు. 1836లో ఇంకో పుస్తకంలో, ఆ గుర్తులు నోవహు ప్రళయానివి కావని ఒప్పేసుకున్నారు. విశ్వాసం వదల్లేదు. 1845లో వెస్ట్‌మినిస్టర్ డీన్ అయ్యారు.

పేరు తెచ్చిన మాటనే వెనక్కి తీసుకోవడం తేలిక కాదండి. నా కోడ్‌లో చిన్న బగ్ ఒప్పుకోవడానికే నాకు మనసు రాదు! వాక్యం చదివేటప్పుడు ఆ దీనమనసు దేవుడు మనకూ ఇచ్చును గాక. ఆమెన్.